ధర్మరాజు రథం, మా కారు అలారం

పోయిన వీడియోలో మహాప్రస్థానిక పర్వం చెప్పుకున్నాం కదా. ఇంద్రుడు రథం తెచ్చి ఎక్కమన్నా, వెంట వచ్చిన కుక్కను వదిలి రానన్నాడు ధర్మరాజు. ఆ వీడియో ఎడిట్ చేస్తుంటే నా తప్పొకటి గుర్తొచ్చింది.

కార్తీక సోమవారం అమ్మతో గుడికి వెళ్ళాను. మా బ్రూనోని లోపలికి రానివ్వరు. 10 నిమిషాలే కదా అని కారులో ఉంచి లాక్ చేశాను. ధ్వజస్తంభం దాకా వెళ్ళామో లేదో, అలారం మోగింది. లోపల కదలికను పట్టే సెన్సర్ అది. దొంగైనా కుక్కైనా దానికి ఒకటే. అందరూ చూస్తుంటే సిగ్గేసి, పరుగెత్తి ఆ సెన్సర్ ఒక్కటీ ఆపే బటన్ నొక్కి, మళ్ళీ క్యూలో నిలబడ్డాను. సాఫ్ట్‌వేర్ వాళ్ళం కదా, అలర్ట్ విసిగిస్తే మ్యూట్ చేయడం అలవాటు!

నేను తీర్చింది ఎవరి ఇబ్బంది? చుట్టూ ఉన్నవాళ్ళది, నాది. బ్రూనోది కాదు. ఎండలో మూసిన కారులో 10 నిమిషాలకే సుమారు 10 డిగ్రీల వేడి పెరుగుతుంది, అరగంటకు 19 దాకా. అద్దం కాస్త దించినా పెద్ద తేడా ఉండదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, వగర్చాల్సిందే. నా 10 నిమిషాలు 25 అయ్యాయి. వచ్చేసరికి వాడు నాలుక వేలాడేసి సీటు కింద ఉన్నాడు. నీళ్ళు తాగి తేరుకున్నాడు. దేవుడి దయ అనబోయి ఆగిపోయాను.

మనిషి కారు పక్కనే ఉంటే ఆ బటన్ నొక్కడంలో తప్పులేదు. ఇప్పుడు మేం వంతులేసుకుంటున్నాం. అమ్మ దర్శనం చేసుకొచ్చేదాకా నేనూ బ్రూనో వేపచెట్టు కింద ఉంటాం. మొన్న నా వంతు వచ్చేసరికి గుడి తలుపులు వేసేశారు.