అర్చకుని విద్య, అర్చకుని విశ్వాసము



మారిషస్, నేటాల్, ఫిజీ చెరకుతోటలలో శ్రమించిన మన పెద్దలకు పాఠశాలలో చదివిన అర్చకులు అరుదుగా లభించిరి. తరచు రామభజనము నడిపిన పెద్దయే పూజారి. మారిషస్ తెలుగువారి సింహాద్రి అప్పన్న పూజయు, అమ్మోరు పండుగయు ఇంటింట పెద్దల నుండి పిన్నలకు అందినవి. పూజారిది ఏ సిద్ధాంతమని ప్రశ్నించు అవకాశమే ఆనాడు తక్కువ. నేడు ఉద్యోగార్థము ఎమిరేట్స్ చేరిన వారి సంతతికి ఆ ప్రశ్న ఎదురగుచున్నది.

2024 ఫిబ్రవరి 14న అబుదాబి ప్రాంతమందలి అబూ మురైఖాలో బాప్స్ హిందూ మందిరము ప్రారంభమైనది. దాని ఏడు శిఖరములు ఏడు ఎమిరేట్లకు గుర్తులు. అచట ఇతర దేవతామూర్తులతోపాటు మన వేంకటేశ్వరుడు పద్మావతీ సమేతుడై కొలువుదీరి యున్నాడు. తిరుమలలో ఆ స్వామి అర్చన వైఖానసాగమము ననుసరించును. తిరుచానూరులో అమ్మవారి అర్చన పాంచరాత్రము ననుసరించును. అబుదాబి మందిరమును నడుపు సాధువులో, స్వామినారాయణ సంప్రదాయములోని అక్షర పురుషోత్తమ సిద్ధాంతమును అభ్యసించినవారు. ఒక బోధలో పెరిగినవారు మరొక సంప్రదాయపు స్వామిని సేవింపవచ్చునా యని కొందరు సందేహింతురు. దాని వెనుక మరింత లోతైన ప్రశ్న కలదు: గురువులు నేర్పినదంతయు అర్చకుడు నమ్మితీరవలెనా? నమ్మనియెడల మన పూజ ఏమగును?

గురువుల బోధతో ఏకీభవింపని మహనీయులు మన చరిత్రలో కలరు. రామానుజులు కాంచీపురమున యాదవప్రకాశుని వద్ద చదివియు, ఆయన వ్యాఖ్యానమునకు సమ్మతింపక విశిష్టాద్వైతాచార్యులైరి. మధ్వాచార్యులు అచ్యుతప్రేక్షుల వద్ద సన్న్యాసము స్వీకరించి, అద్వైతమును నిరాకరించి ద్వైతమును ప్రతిపాదించిరి. అబుదాబి మందిరమును నిర్మించిన సంస్థ పుట్టుకయు ఇట్టిదే. వడతాల్ సంప్రదాయమునకు చెందిన సాధువగు శాస్త్రీజీ మహారాజ్ సిద్ధాంతభేదముచే దానిని వీడి, 1907లో గుజరాత్ నందలి బోచాసన్‌లో వేరు మందిరము నెలకొల్పిరి. ఈ మువ్వురును తమ భేదమును దాచలేదు. కావున దోషము భేదించుటలో లేదు. నమ్మనిదానిని నమ్మినట్లు నటించుటలో కలదు.

అర్చకుని బాధ్యతలు రెండు విధములు. పూజావిధి ఆయన సొంతము కాదు, సంప్రదాయము ఆయన చేతికిచ్చిన సొత్తు. దానిని లోపము లేకుండ నెరవేర్చుట ఆయన ఋణము. బోధ యన్ననో ఆయన సొంత నోటిమాట. జీవనోపాధికై తాను నమ్మనిదానిని పీఠముపై నుండి బోధించువాడు వినువారిని వంచించుచున్నాడు, తన్ను తాను వంచించుకొనుచున్నాడు.

ధ్యానము లేని క్రియ పొల్లు గింజ వంటిదని కొందరందురు. ఆగమములును మంత్రక్రియలతోపాటు ధ్యానమును కోరుచున్నవి గనుక ఆ మాట నిజమే. అయినను పరుని మనస్సును కొలుచు తూనిక ఎవరి వద్ద కలదు? తిరుమలలోనే వైఖానస అర్చకులును, రామానుజ సంప్రదాయపు జియ్యరులును వేర్వేరు పరంపరల వారయ్యు ఒకే స్వామిని కొలుచుచున్నారు.

ఇందు మన ధర్మమును కలదు. గల్ఫ్ దేశములలో పరదేశి నివాసానుమతి సాధారణముగ ఉద్యోగముతో ముడిపడియుండును. సందేహము చెప్పినచో కొలువు పోవునను భయము గల అర్చకుడు సత్యమును ఎట్లు పలుకగలడు? ఆయనచేత నటింపజేసిన పాపములో మనకును భాగము కలదు.

మన తాతముత్తాతలు గిర్మిట్ పత్రముపై వ్రేలిముద్ర వేసిరి. వారి దేహశ్రమ తోటదొరకు చెల్లినది. వారి గుండెలోని దైవము మాత్రము వారికే మిగిలినది. ఆ స్వేచ్ఛ విలువ నెరిగిన వంశమువారమైన మనము అర్చకుని మనస్సును జీతమిచ్చి కొనరాదు. నియమము, నడవడి, విధినిష్ఠ కోరుదము. సిద్ధాంతమున తనకు భేదము కలదని ఆయన చెప్పినచో, బోధను వేరొకరికి అప్పగించి పూజను ఆయన చేతనే జరిపింతము.

అర్చకునికి సత్యము పలుకు ధైర్యమును, మనకు దానిని విను ఓర్పును శ్రీవేంకటేశ్వరుడు ప్రసాదించుగాక!