వెనకోని చెయ్యి

సాయం అనే మాట మా వాడల అంత మంచి మాట గాదు. పటేలు చేసిన సాయానికి మా తాత మూడేండ్లు జీతమున్నడు. పెండ్లికిచ్చిన రెండు బస్తాల వడ్లకు మా అవ్వ పసుపు తవ్వే కాలమంతా వాళ్ల చేన్లనే ఉన్నది. సాయం తీసుకున్నోడు నడుం వంచాలె, ఎదురుపడితే పక్కకు జరగాలె. దయ అనేది మా దాంక వచ్చేసరికి ఎప్పుడూ పైకెల్లి కిందికే వచ్చింది. సిగ్గు లేకుండ సాయం తీసుకునే మనిషిని నేను మా ఇంట్లనే చూసిన. ఆయన మా పెద్దబాపు.

పెద్దబాపు మిలట్రీల పారాచూట్ దళంల పదిహేనేండ్లు చేసిండు. 1972ల చేరిండు గనుక యుద్ధం చూడలె. 1971 డిసెంబర్ 11న బంగ్లాదేశ్‌ల టంగైల్ కాడ విమానాలకెల్లి దుంకి, లోహజంగ్ నది మీద పూంగ్లీ వంతెనను పట్టుకున్న రెండో పారా పటాలం కథ ఆయనకు దోస్తుల నోట విన్నదే. మూడేండ్ల కింద పక్షవాతమొచ్చి కుడిపక్క పడిపోయింది. అప్పటికెల్లి అయిదుగురు ముసలోళ్లు వంతులేసుకున్నరు. నాందేడ్ ఆయన ఒకరు, లాతూర్ దిక్కోళ్లు ఇద్దరు, కరీంనగర్ ఆయన ఒకరు, హర్యానా ఆయన ఒకరు. అందరికీ డెబ్బయి దాటినయి, అందరి మోకాళ్లూ అరిగినయి. ఇదివరకు ఇన్‌లాండ్ లెటర్లు, తర్వాత ఎస్టీడీ బూతు, ఇప్పుడు వాట్సాప్. ఎవరిదన్న ఒక్కరోజు గుడ్ మార్నింగ్ రాకుంటే మిగిలినోళ్లు ఫోన్లు కొడుతరు.

నాందేడ్ ఆయన నెలకోసారి రైలెక్కి నిజామాబాద్‌ల దిగి, బస్సుల ఆర్మూర్ మీదికెల్లి వేల్పూర్ వస్తడు. నాలుగు రోజులుంటడు. వీపుకు పుండ్లు పడకుండ రెండు గంటలకోసారి పక్కకు తిప్పుతడు, తుడుస్తడు, గడ్డం గీస్తడు. మరాఠా కులపాయన. కరీంనగర్ ఆయన కాయితాల మనిషి. ఈసీహెచ్ఎస్ దవాఖాన చీటీలు ఆయనే చూసుకుంటడు. నవంబర్ల పింఛన్‌కు జీవన ప్రమాణ పత్రం ఇయ్యాలె గదా, పెద్దబాపు వేలిముద్ర పడకుంటే ఫోన్ల ముఖం చూపెట్టి పని కానిచ్చిండు. పెద్దబాపు ఒక్కనాడు వీళ్లకు దండం పెట్టలె. మీ రుణం తీరది అనలె. పైకెల్లి చాయ్‌ల చక్కెర తక్కువైందని తిడుతడు.

ఎందుకింత చేస్తరని అడిగితే పెద్దబాపు చెప్పిన జవాబుల స్నేహం అన్న మాటే లేదు. విమానంల దుంకే ముందు అందరూ లేచి వరుసల నిలబడుతరట. ఎవరి తాడు కొక్కెం వాళ్లు పైన తీగకు తగిలిస్తరు. కానీ తన వీపు మీది మూట తనకు కనబడది. అందుకని వెనక నిలబడ్డోడు ముందటోని వీపు తడిమి, తాడు ఎక్కడన్న చిక్కుకున్నదా చూసి భుజం తట్టాలె. ఆగ్రాల రెక్కల బిళ్ళ రావాల్నంటే అయిదు దుంకుడ్లు. అయిదు సార్లూ ఈ తడుముడు తప్పది. “మన వీపును పటేండ్లు ముట్టింది కొట్టెటందుకే. బతికించెటందుకు ముట్టినోడు వీడే మొదలు” అని నాందేడ్ ఆయనను చూపెట్టిండు.

మా అవ్వ తవ్విన పసుపు గుళ్లకు పోతది, పెండ్లిపిల్ల ముఖానికెక్కుతది. పసుపుకు లేని అంటు అవ్వ చేతికే ఉన్నది. విమానంల మాత్రం ఆ లెక్క నడవలె. ఎందుకు నడవలె అన్నదే నా ప్రశ్న.

మా టీచర్లల్ల తరచూ ఒక వాదన వస్తది. మనసులు మారాలె, చట్టాలతోని ప్రేమ పుడుతదా అని. వినటానికి బాగుంటది. మనసు మారేదాంక ఆగుమనేది ఎవరికి? కొట్టెటోనికి కాదు గదా. నాందేడ్ ఆయన మనసు మారినంక మా పెద్దబాపును ముట్టలె. ఉస్తాదు గద్దిస్తే ముట్టిండు. “మొదటి రోజు రాత్రి నీళ్లు పోసుకున్న” అని ఆయననే చెప్పిండు, పెద్దబాపు మంచం మీద పడి నవ్వుతుంటే. రెండోసారి పోసుకోలేదట. ముందు హుకుం, తర్వాత అలవాటు, ఆ వెనక ప్రేమ. యాభై ఏండ్ల ఈ దోస్తీ పుట్టుక ఇది. దీంట్ల యుద్ధం గూడ లేదు.

మిలట్రీని నేను మెచ్చుకుంటలేను. 1890లల్ల మహార్లు వీరజాతి గాదని తెల్లదొరలు భర్తీ బంద్ పెట్టిన్రు. సుబేదారు కొడుకైన అంబేద్కర్ కొట్లాడంగ కొట్లాడంగ 1941 అక్టోబర్‌ల బెల్గాంల మహార్ పటాలం లేచింది. అదే నెల ఢిల్లీల మొదటి పారాచూట్ బ్రిగేడు లేచింది. ఒక దిక్కు కులం పేరు మీద పటాలం, ఇంకో దిక్కు కులం అడగని విమానం తలుపు. రాష్ట్రపతి అంగరక్షక దళంల జాట్లు, జాట్ సిక్కులు, రాజపుత్రులే ఉండాల్ననే ఆనవాయితీ మీద ఈ కాలంల గూడ కోర్టుకు పోవాల్సి వచ్చింది.

2009ల నాందేడ్ ఆయన బిడ్డ పెండ్లికి పెద్దబాపు పోయిండు. మిలట్రీ దోస్తులందరికీ ఒకటే పంక్తి. ఆ ఊరి మహార్లకు మాత్రం అందరూ తిన్నంక, దొడ్డి పక్కకు. రాత్రి పెద్దబాపు అడిగిండట. “ఊరు నా పటాలమా?” అన్నడట ఆయన. పెద్దబాపు ఆ మాటను మన్నించిండు. నేను మన్నించలేను. కానీ ఆ మాట అబద్ధం గాదు. ఊర్ల గద్దించే ఉస్తాదు లేడు. 1950 నుంచి పదిహేడో అధికరణం ఉన్నది, 1989ల అట్రాసిటీ చట్టం వచ్చింది. అయినా మా దిక్కు కొన్ని ఊర్లల్ల గ్రామాభివృద్ధి కమిటీలు దళితులను బహిష్కరించిన వార్తలు పేపర్లల్ల వస్తనే ఉన్నయి. హుకుం ఉన్నది, తామీలు చేసెటోడే లేడు.

తామీలైతే ఏమైతదో నా బతుకే చెప్తది. 2001ల వేల్పూర్‌ను బాలకార్మికులు లేని మండలంగ ప్రకటించిన్రు. అప్పుడు నేను పసుపు చేన్ల ఉన్న. పటేండ్లు మనసు మారి మమ్ముల విడిచిపెట్టలె, అధికారులు ఇంటింటికి తిరిగి బడిల కూసోబెట్టిన్రు. మా ఇంట్ల మొదటి డిగ్రీ అట్ల వచ్చింది.

అదే ఏడు నవంబర్ 28న బడుల్ల వండిన అన్నం పెట్టాల్నని సుప్రీంకోర్టు చెప్పింది. 2004ల వంటోళ్లల్ల దళితులకు ప్రాధాన్యం ఇయ్యాల్నన్నది. నా బడిల వరుస నేనే నిలబడి చూస్త. పోయిన ఏడు ఓ పిల్ల తండ్రి వచ్చి, “సార్, మా బిడ్డ ఇంటికెల్లి డబ్బ తెచ్చుకుంటది, పక్కకు కూసుంటది” అన్నడు. డబ్బ తెచ్చుకోనియ్యి, కూసునుడు మాత్రం వరుసల్నే అన్న. ఆ పిల్ల వరుసల్నే కూసుంటున్నది. ఇంటికి పోయి నీళ్లు పోసుకుంటున్నదేమో, నేను అడగలె.