ముందు అడుగు

అమ్మాయీ,

మొన్న ఆదివారం నీతో ఫోన్లో మాట్లాడుతుంటే మీ పెద్దమ్మ పక్కనే నిలబడి "పిల్ల ఏడుస్తోందా ఏమిటి?" అని సైగ చేసింది. ఏడవలేదు గానీ నీ గొంతు వణికింది. ఎకనామిక్స్ లెక్చరర్‌గా చేరి రెండు వారాలు కాలేదు. క్లాసులో చూపు లేని కుర్రాడొకడు, వినికిడి లేని అమ్మాయొకతె, మూడు చక్రాల బండి మీద వచ్చే అమ్మాయి ఇంకొకతె. "వీళ్లకి ఏం చేయాలో తెలియట్లేదు పెదనాన్నా, చూస్తే జాలేస్తోంది" అన్నావు. తెలియకపోతే కొంపలేం మునగవు తల్లీ. తెలియకుండానే అన్నీ మనమే నిర్ణయించేస్తే మునుగుతాయి. ఆ పని చేసినవాణ్ణి గనక చెబుతున్నాను.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తల్లో బీఎస్సీకి ఒక కుర్రాడు వచ్చాడు. పోలియో. రెండు కాళ్లకీ కాలిపర్లు. మా కెమిస్ట్రీ ల్యాబులో బల్లలన్నీ నిలబడి పనిచేసే ఎత్తువి. మూడు గంటలు వాడెలా నిలబడతాడని నాకు కడుపు తరుక్కుపోయింది. తలుపు పక్కన స్టూలు వేయించి కూర్చోబెట్టాను, పక్కవాడి రీడింగులు చూసి రికార్డు రాసుకోమన్నాను. మూడేళ్లూ అదే వరస. ప్రాక్టికల్స్‌లో మార్కులు దండిగా వేయించి, నా అంతటి ధర్మాత్ముడు లేడనుకున్నాను. ఏళ్ల తర్వాత బస్టాండులో కనబడి నా చెయ్యి పట్టుకున్నాడు. "నన్ను కన్నకొడుకులా చూశారు సార్. కానీ బ్యూరెట్ ఒక్కసారీ పట్టుకోలేదు నేను. ఎమ్మెస్సీ ఎంట్రన్సు రాద్దామంటే అందుకే ధైర్యం చాల్లేదు" అన్నాడు. నిష్ఠూరం ఏమీ లేదు, మామూలుగానే అన్నాడు. స్టాఫ్‌రూములో టీ గ్లాసులు పెట్టుకునే పొట్టి బల్ల ఒకటి ఉండేది మాకు. దాన్ని ల్యాబులోకి లాక్కొచ్చి స్టాండు దానిమీద పెడితే, కూర్చునే టైట్రేషన్ చేసేవాడు. ఆ సంగతి నాకు బస్సెక్కాక తట్టింది. వాణ్ణి అడిగుంటే మొదటిరోజే చెప్పేవాడేమో.

అందుకని నువ్వు ముందు అడుగు. క్లాసులో అందరి ముందూ లేపి అడక్కు. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, కుర్చీ వేసి, "ఇంటర్‌లో ఎలా చదువుకున్నావు? నేను ఎలా చెబితే నీకు వీలు?" అని అడుగు. ఇది పుట్టుకతోనా, ఎక్కడ చూపించారు, మందులేం వాడారు అనే ఆరా నీకెందుకు? బస్సులో పక్క సీటువాళ్లు అడిగేదదే, వినీ వినీ ఆ పిల్లలకి విసుగెత్తి ఉంటుంది.

ఇక నీ క్లాసు కుర్రాడి సంగతి. చూపు లేనివాళ్లంతా బ్రెయిలీయే చదువుతారనుకోకు. చాలామంది ఇప్పుడు ఫోన్లో టాక్‌బ్యాక్, కంప్యూటర్లో ఎన్‌వీడీఏ అనే చదివి వినిపించే సాఫ్ట్‌వేర్లు పెట్టుకుని చెవులతో చదువుతున్నారు. ఎన్‌వీడీఏ ఉచితం, తెలుగూ చదువుతుంది. చిక్కు మన నోట్సులతోనే. యూనికోడ్ కాని పాత డీటీపీ ఫాంట్లలో కొట్టించిన తెలుగు మన కళ్లకి ముత్యాల్లా కనిపిస్తుంది, ఆ యంత్రం మాత్రం దాన్ని అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలుగా చదువుతుంది. జిరాక్సు పేజీలను స్కాన్ చేసి గ్రూపులో పడేసిన పీడీఎఫ్ అయితే మరీ అన్యాయం, అది ఉత్త ఫొటో. పంపేముందు ఒక వాక్యం మీద మౌస్ పెట్టి సెలెక్ట్ చేసి చూడు. నీకు సెలెక్ట్ కాకపోతే వాడికి అది తెల్లకాగితమే.

బోర్డు దగ్గర "ఇక్కణ్ణుంచి ఇలా వచ్చి ఇదిగో ఇక్కడ కలుస్తుంది" అనే అలవాటు మన మాస్టార్లందరికీ ఉంది. ధర ఏ గీత మీద ఉంది, పరిమాణం ఏ గీత మీద ఉంది, రేఖ ఎడమ నుంచి కుడికి ఎలా దిగుతోంది, నోటితో చెప్పు. డిమాండ్ రేఖ చేతికి తెలియాలంటే అట్టమీద ఫెవికాల్ పూసి పురికొస అంటించు, పదినిమిషాల పని. వేలితో ఒక్కసారి తడిమితే వాడికి పట్టుబడుతుంది. (బోర్డు కనబడకపోయినా కనబడుతున్నట్టు నటించే వెనకబెంచీ వాళ్లు కూడా నీకు మనసులో దండం పెట్టుకుంటారు.)

వినికిడి లేని అమ్మాయికి పెదాల కదలిక చూసి అంతా తెలిసిపోతుందని మీ కాలేజీలో ఎవరో అన్నారన్నావు. ఎంత అలవాటున్నా కొంతే అందుతుంది, మిగతాది ఊహ. "పాప", "బాబ" అని అద్దంలో చూసుకుంటూ అను, పెదాలు ఒకేలా కదులుతాయి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకు. కొత్త మాట వస్తే రాసి చూపించు. మాటల్ని అక్షరాలుగా మార్చే ఫోన్ యాప్‌లు తప్పులు చేసినా పనికొస్తాయి. ఇంకొక ముక్క. చిన్నప్పటినుంచీ సైగల భాషలో పెరిగిన పిల్లకి రాసే తెలుగు రెండో భాషే. సైగల భాషకి దాని వ్యాకరణం దానికుంది. జవాబులో విభక్తులు తారుమారైతే విషయం రాలేదనుకోకు, విషయానికి మార్కులు వెయ్యి. విషయం నిజంగా లేకపోతే మాత్రం ధర్మానికి వెయ్యకు, నేను వేయించినట్టు.

మూడో అమ్మాయి గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే అక్కడ నీ ఒక్కదాని చేతిలో లేదు. మీ క్లాసు మొదటి అంతస్తులో, లిఫ్టు లేదు, స్నేహితురాళ్లు మోసుకొస్తున్నారు అన్నావు. స్నేహం గొప్పదే. కానీ ఇరవయ్యేళ్ల పిల్ల రోజూ నలుగురి చేతుల్లో ఊగుతూ పైకి రావడం ఆ పిల్లకెలా ఉంటుందో ఆలోచించావా? టైంటేబుల్లో ఆ సెక్షన్ గది కిందికి మార్చమని ప్రిన్సిపాల్‌గారిని అడుగు. పైసా ఖర్చు లేదు. ర్యాంపు ఉందిగా అంటారు. వాలు చూడు. అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవు ఉండాలని లెక్క. చాలా ర్యాంపులు న్యాక్ తనిఖీ బృందం వస్తోందంటే హడావిడిగా పోసిన సిమెంటు జారుడుబండలు, పైగా కింద స్కూటర్లు. ఆ పిల్లకి వీలైన మరుగుదొడ్డి ఉందో లేదో చూడు, ఉంటే తాళం ఎవరి దగ్గరుందో కనుక్కో. మా కాలేజీలో తాళంచెవి అటెండరు జేబులో ఉండేది. నాకు తెలిసిన ఒకమ్మాయి పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం అయిదు దాకా మంచినీళ్లు ముట్టేది కాదు. తలనొప్పులు చదువు ఎక్కువై వస్తున్నాయనుకున్నాం మేమంతా. ఈ విషయం ఆ పిల్ల ఏ మాస్టారికి చెబుతుంది? నీకైతే చెబుతుంది.

పరీక్షల సంగతి ఇప్పట్నుంచే చూడు. కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తక్కువ కాకుండా అదనపు సమయం ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకి ఇంకో గంట. చెప్పింది రాసిపెట్టే స్క్రైబ్ ఎవరై ఉండాలనే నిబంధనలు మారుతుంటాయి, ఈ ఏడాది సర్క్యులర్ ఏముందో ఎగ్జామ్ బ్రాంచిలో అడిగి రాతపూర్వకంగా తీసుకో. ముందురోజు రాత్రి స్క్రైబ్ కోసం ఊరంతా తిరిగే పరిస్థితి రానివ్వకు. చెప్పి రాయించడం కూడా ఒక విద్యే. ఇంటర్నల్స్‌కే ఆ చూపు లేని కుర్రాణ్ణీ, స్క్రైబ్‌నీ కూర్చోబెట్టి అలవాటు చేయించు. గది వేరుగా ఇప్పించు, లేకపోతే వాడు గొంతు తగ్గించి చెప్పలేక, రాసేవాళ్లకి వినబడక, సగం పేపరు గాలికి పోతుంది.

"సదరం వైకల్య సర్టిఫికెట్‌లో 40 శాతం లేదుగా, స్క్రైబ్ ఎందుకు?" అని ఎవరైనా అంటే వికాస్ కుమార్ కేసు గుర్తుచెయ్యి. రాసేటప్పుడు చెయ్యి బిగుసుకుపోయే ఇబ్బంది ఉన్న అభ్యర్థి అతను. సివిల్స్ రాయడానికి అడిగితే, 40 శాతం గీత కింద ఉన్నంత మాత్రాన స్క్రైబ్‌ని కాదనకూడదని 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 2016 వికలాంగుల హక్కుల చట్టం కూడా ఒకసారి చదువు. 1995 నాటి చట్టం మూడు శాతం సీట్లు ఇస్తే, ఇది ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతానికి తగ్గకూడదంది. వైకల్యాలు 21 అని లెక్కపెట్టింది. అందులో చదవడానికి, రాయడానికి అడ్డుపడే డిస్‌లెక్సియా కూడా ఉంది. నోటితో అడిగితే టకటకా చెప్పి, పేపరు మీద అక్షరాలు తారుమారు చేసేవాడు నీ క్లాసులో నాలుగోవాడై ఉండొచ్చు. మా రోజుల్లో వాణ్ణి మొద్దు అనేవాళ్లం. నేనూ అన్నాను.

మచిలీపట్నం దగ్గర సీతారామపురం అబ్బాయి శ్రీకాంత్ బొల్లా మీద 2024లో హిందీ సినిమా వచ్చింది, మనం ఇంట్లో కలిసే చూశాం. చూపు లేదని ఇంటర్‌లో సైన్సు గ్రూపు ఇవ్వకపోతే కోర్టుకెళ్లి సాధించుకున్నాడు. తర్వాత అమెరికాలో ఎమ్ఐటీలో చదివి వచ్చి, బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు. మీ పెద్దమ్మ కళ్లు తుడుచుకుంది. నాకు మాత్రం ఒకటే అనిపించింది: పదో తరగతి పాసైన పిల్లాడు గ్రూపు కోసం కోర్టు మెట్లెక్కడమేమిటి? మీ కుర్రాణ్ణి అలాంటి వీరుణ్ణి చెయ్యాలని కూర్చోకు. కాలేజీ డేకి స్టేజీ ఎక్కించి శాలువా కప్పి "స్ఫూర్తి" అని మైకులో అరిపించకు. మామూలుగా చదవనీ, క్లాసు ఎగ్గొట్టి క్యాంటీన్లో కూర్చుంటే నాలుగు చివాట్లు పెట్టు, ఎక్స్‌కర్షన్‌కి పేరు రాయించుకో. "నీకెందుకులే నాన్నా, కష్టం" అనే మాట మాత్రం నీ నోట రానివ్వకు.

రేపు సోమవారం. ముగ్గురితోనూ మాట్లాడు, ఒకే రోజు వీలు కాకపోతే వారంలో. ఆ మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుందో వచ్చే ఆదివారం ఫోన్లో చెప్పు.

మీ పెదనాన్న