ఇనుము వెల – కాయకము వెల

కాయకమనగా నేమి యని యడిగిన మన పిల్లలు సైతము తడుముకొనక చెప్పుదురు. శరీరముతో, సత్యముగా చేయబడి, చేసినవాని కడుపునకును దాసోహమునకును ఫలమిచ్చు పని కాయకము. మడివాలు మాచయ్యగారు బట్టలుతికిరి. నులియ చందయ్యగారు గడ్డి కోసి త్రాళ్లు పేనిరి. అంబిగర చౌడయ్యగారు పడవ నడిపిరి. మేదర కేతయ్యగారు వెదురు బుట్టలల్లిరి. బాడిస పట్టి కొయ్య చెక్కు బసవయ్యగారును శరణగోష్ఠిలో నుండిరి. ఇంతవరకు సందేహము లేదు. కాని జీతమునకై పనిచేయు కాలము గడచి, పింఛను మీద బ్రదుకుచున్న వాడొకడు, ఎవరును అడుగకుండగనే తన యింట నొక పాత లేతు యంత్రమును నిలుపుకొనినచో దానిని కాయకమందుమా, లేక ఆశకు ఇనుప రూపమందుమా? ఈ ప్రశ్న నాకు గ్రంథములలో దొరికినది కాదు. శంషాబాదులో నా యింటి వెనుక, రేకుల కప్పు క్రింద, ఆరువందల యేబది కిలోల బరువుతో కూర్చుండి యున్నది.

లేతు అను మాట పరభాషది. మన పూర్వులు దీనిని తరిమెన యనిరి. తిరుగుచున్న వస్తువునకు ఉలి నానించి గుండ్రముగా చెక్కుటయే తరిమెన పట్టుట. ఏటికొప్పాక లక్క బొమ్మలు నేటికిని ఇట్లే రూపొందుచున్నవి. హనుమకొండ వేయిస్తంభముల గుడిలో అద్దమువలె మెరయు నల్లరాతి కంబములను చూచినవారు వాని మీది గుండ్రని పట్టెలను గమనించియే యుందురు. కల్యాణి చాళుక్యుల దేవాలయములలోను అట్టివి కలవు. ఆ గుడిని కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించెను. అనగా బసవేశ్వరులు కల్యాణమున బిజ్జలుని కొలువులో నున్న దినములు. హనుమకొండ శాసనము రాజును కీర్తించినది. కల్యాణములో మాత్రము చేతిపనియే పేరునకు ముందు నిలిచి, దానితోనే మనిషిని పిలిచినారు. ఈ భేదమును నేను తరచుగా తలచుకొందును.

లోహమును చెక్కు తరిమెనకు నేటి రూపము 1800 ప్రాంతమున ఇంగ్లండులో హెన్రీ మాడ్‌స్లే చేతిలో కుదిరినది. ఉలిని చేత పట్టుకొనుటకు బదులు జారుడు బండి మీద బిగించి, ఆ బండిని పొడవైన మరకడ్డీతో నడిపించుట దాని మర్మము. ఒక మరవంటి మరను ఎన్ని మారులైనను కోయవచ్చును. మన దేశమున 1941లో తుంగభద్రా తీరమున హరిహరములో మైసూరు కిర్లోస్కరు వారు లేతులు చేయు కర్మాగారము స్థాపించిరి. 1943లో సికిందరాబాదు కవాడిగూడలో ప్రాగా టూల్స్ వెలసినది. నా యంత్రము హరిహరములో పోతపోయబడినది. హరిహరము, దావణగెరె మన మఠముల వారికి క్రొత్త ఊళ్లు కావు. ఆ కర్మాగారము మూతపడినది. దాని యంత్రములు మాత్రము గ్రామ గ్రామమున ఇంకను తిరుగుచునే యున్నవి.

శంషాబాదున 2008లో విమానాశ్రయము వచ్చినది. అంతకు ముందు పాత బెంగుళూరు రహదారి వెంట లేతు దుకాణములకు పొలముల బోరు మోటార్లు, ట్రాక్టర్ల బుష్షులు, ఇరుసులు అను పనులుండెడివి. పొలములు పోయిన వెనుక ఆ పనులును తగ్గినవి. ఇప్పుడు విమాన భాగములు చేయు శాలలలో కంప్యూటరు నడుపు యంత్రములు మైక్రాన్ల లెక్కన పనిచేయుచున్నవి. పాత లేతులు కాటేదాను వైపు తూకమునకు పోవుచున్నవి.

అట్లు పోనున్న యంత్రమొకటి మా ఊరనే యున్నదని వింటిని. దాని యజమాని కాలము చేసినాడు. కుమారుడు విమానాశ్రయమునకు టాక్సీ నడుపుకొనుచున్నాడు, తండ్రి పని అతనికి పట్టలేదు. ఇల్లాలు ఇనుప వ్యాపారితో కిలోకు ఇంత యని మాటాడుకొనినది. నేను పోయి కిలోకు రూపాయి యెక్కువ ఇచ్చెదనంటిని. ఆమె సంతోషించినది. “అన్నా, పాత ఇనుప తూకంకే పోతదనుకున్న. మీరు రూపాయి ఎక్కువనే ఇస్తున్నరు” అనినది. నడుచుచున్న స్థితిలో ఆ యంత్రము రాణిగంజిలో మూడింతలు పలుకునని నాకు తెలియును. నేనేమియు అనలేదు. అబద్ధమాడలేదు, తూకములో మోసము చేయలేదు. ఊరకుంటిని, అంతియే.

తెచ్చుట యొక యజ్ఞము. మా సందులోనికి క్రేను రాలేదు. ఐదుగురు మనుషులు, ఇనుప గొట్టములు, గడ్డపారలు, సగము దినము. లేతు చూచుటకు నిలకడగా నుండును గాని బరువంతయు పైభాగమున, అందును తలపెట్టె వైపున నుండుటచే చటుక్కున తలక్రిందగును. త్రాడు బెడ్డు చుట్టునే వేయవలెను. మరకడ్డీకి తగులనిచ్చితిమా, అది వంగి యంత్రము జన్మకు పాడగును. దీనిని పని తెలిసిన వారు మాత్రమే చెప్పగలరు. ఇనుప వ్యాపారి కూలీలకు చెప్పవలసిన పని యుండదు గదా!

కాంక్రీటు గద్దె పోసి, మూడు వారములు నీరు పట్టి ఆరనిచ్చితిని. ఇంటికి వచ్చునది ఒక ఫేజు కరెంటు, యంత్రపు మోటారు మూడు ఫేజులది. మోటారు తీగల కూర్పును డెల్టాకు మార్చి, ఒకటిని మూడుగా చేయు డ్రైవు పెట్టె తగిలించి, ఎర్తింగు వేరుగా దింపితిని. ఆ తరువాత మట్టము. పోత ఇనుప బెడ్డు కొండవలె కనబడును గాని నాలుగు పాదముల క్రింద సమానమైన ఆధారము లేనిచో సన్నగా మెలిపడును. కంటికి తెలియదు. ఒక కడ్డీని చక్కులో బిగించి, రెండవ కొనను ఆనించక, రెండు చోట్ల ఒకే కోతతో చెక్కి మైక్రోమీటరుతో కొలిచిన తెలియును. నాకు మొదట రెండు కొలతలకు నడుమ మిల్లీమీటరులో నూరవ వంతులు ఐదు తేడా వచ్చినది. పాదముల క్రింద రేకు ముక్కలు పెట్టుచు, తీయుచు, పది దినములు గడపితిని.

ఆ దినములలోనే కిరసనాయిలుతో బెడ్డు తుడుచుచుండగా ఏండ్ల నాటి జిడ్డు క్రింద చిన్న చిన్న అర్ధచంద్రముల వరుసలు కనబడినవి. పనివారికి అవి యేమో వెంటనే తెలియును. అరిగిన బెడ్డును ఆయన చేతితో గీకి సరిచేసికొనినాడు. సరియైన పలకకు నీలిరంగు పూసి బెడ్డు మీద రుద్దిన, ఎత్తుగానున్న చోటులకు నీలము అంటును. ఆ చుక్కలను మాత్రము గీకుడు ఉలితో గీకవలెను. మరల రంగు, మరల రుద్దుట, మరల గీకుట. ఒక్కొక్క విడతకు పోవునది వెంట్రుక మందములో ఏ పదవ వంతో. నాలుగున్నర అడుగుల బెడ్డుకు నెలలు పట్టును. దానికి ఎవరును కూలి యియ్యరు.

నేను ఇచ్చినది ఇనుమునకు వెల. ఇనుమునకును యంత్రమునకును నడుమ నున్న తేడా యేది? ఆ అర్ధచంద్రములే. హరిహరములో పోతపోసినవారి శ్రమ, ఈ ఊరిలో రాత్రులు కూర్చుండి గీకినవాని శ్రమ. ఇనుప వ్యాపారి ఆ తేడాను కొనడు, ఎందుకనగా అతడు దానిని వాడడు, కరగించును. అతని ధర అతని మట్టుకు న్యాయమే. నేను కరగింపను, వాడెదను. వాడుచు, తూకమునకు మాత్రమే వెల కట్టితినన్నచో, చనిపోయినవాని కాయకమును ఉచితముగా అనుభవించుచున్నాననుట. అమ్మినవారు సంతోషించిరిగదా యని నేను చెప్పుకొనిన మాట నిలువలేదు. ఆమె సంతోషము ఆమెకు తెలియనిదానిపై కట్టబడినది. ఆ తెలియమిని నేను చూచుచు నిలిచితిని.

ఆయ్దక్కి మారయ్యగారి కథ మనవారికి తెలియనిది కాదు. బసవేశ్వరుల మహామనె ముంగిట రాలిన బియ్యమేరి తెచ్చు కాయకము ఆయనది. ఒకనాడు నిత్యముకంటె ఎక్కువ తెచ్చినారు. దొంగిలించినది కాదు, నేల మీద పడియున్నదే. లక్కమ్మగారు దానిని వండుటకు ఒప్పుకొనక, ఎక్కువైన బియ్యమును తిరిగి అక్కడనే వేసి రమ్మని భర్తను పంపినారు. చిన్ననాట ఈ కథ విన్నప్పుడు ఇంత పట్టుదల యెందుకని నాకు తోచెడిది. పిడికెడు బియ్యము! ఇప్పుడు తోచునది వేరు. దొరికినది యెల్ల మనది కాదని దొంగకు చెప్పనక్కరలేదు, వానికి తెలియును. మారయ్యగారివంటి సత్పురుషునకే చెప్పవలసి వచ్చినది.

మిగిలిన సొమ్ము లెక్కకట్టి తీసికొని పోతిని. ఆమె మోము చిన్నవోయినది. “ధర్మం చేస్తున్నరా అన్నా? మేం అడగలే గద” యని లోనికి పోయినది. రెండవ మారు కుమారుడు వచ్చి, బేరమైపోయినది, మరల ఎందుకనినాడు. ఇక్కడ నాకొక సంగతి తెలిసినది. తప్పు దిద్దుకొనుచున్నానను తృప్తితో పోయిన నన్ను వారు దాతగా చూచి నొచ్చుకొనిరి. వారి ఆత్మగౌరవమునకు నా పశ్చాత్తాపము భారమైనది. ఆమె మన సంప్రదాయమున పుట్టినది కాదు. అది అప్రస్తుతము. మూడవ మారు ఆమెను మా యింటికి పిలిచి బెడ్డు చూపితిని. చాల సేపు చూచినది. “రాత్రి దుకాణం బందు వెట్టినంక గీకుతుండె. ఏందని అడిగితె నీకు తెల్వదనేటోడు” అనినది. అది ఇంత వెల చేయు పని, ఆ వెల ఆయనకు రావలసినది అని చెప్పితిని. “అయితె ఆయన కూలి అనుకుంట” అని పుచ్చుకొనినది.

యంత్రము దగ్గర మరియొక విషయము మన వారికి ప్రత్యేకముగా చెప్పవలసియున్నది. తిరుగుచున్న చక్కు ముందు వదులు చేతుల చొక్కా, ఉత్తరీయము, మెడలో వ్రేలాడు దండ యేదియు కూడదు. చిక్కిన దానితో బాటు మనిషిని లోనికి లాగుకొనును. లింగమును దేహమునుండి వేరుచేయరాదని మన వ్రతము. శివదారము వదులుగా వ్రేలాడుచుండగా వంగి పనిచేయుట భక్తి కాదు, ప్రమాదము. లింగకాయను ఎదకు ఆనించి లోబనియను క్రింద గట్టిగా కట్టుకొని, పైన బిగువు చొక్కా తొడుగుకొని పనిచేయవచ్చును. శూన్యసంపాదనెలో చందయ్యగారు గడ్డి కోయుచుండగా లింగము జారిపడిన వృత్తాంతము కలదు. ఆయన పని ఆపలేదు. లింగమే వెంటబడవలసి వచ్చెను. మాచయ్యగారు నడుమ వచ్చి చెప్పిన మీదట లింగమునకును త్రాడమ్ము కాయకము తప్పలేదు. దీనిని విని లింగమును నిర్లక్ష్యము చేయవచ్చునని కొందరందురు. నాకట్లు తోచదు. చేతిలోని పనియందు అంత ధ్యాస కలవాడు కొడవలిని కూడ అంతే జాగ్రత్తగా పట్టియుండును.

ఇక దాసోహము. యంత్రము కుదిరిన పిమ్మట ఇరుగుపొరుగు వారికి కూలరు మోటారు బుష్షులు, గేటు సీలలు ఉచితముగా చేసియిచ్చితిని. ఇదియే నా దాసోహమని మురిసితిని. మూడు నెలలకు ఒకనాడు మూలమీది లేతు దుకాణమునకు ఉలి సాన పట్టించుకొన పోగా, ఆయన మర్యాదగా సాన పట్టి, “సారు, చిన్న పనులన్ని మీ దగ్గర్కే వస్తున్నయంట” అనినాడు. నిష్ఠురము లేదు. నవ్వుచునే యనినాడు. ఆ బుష్షులే ఆయన యింటి బియ్యము. నేను నా పళ్లెములోనిది పంచుచున్నాననుకొంటిని, ఆయన పళ్లెములోనిది పంచితిని. దాసోహము చేయువాని కాయకము నుండి రావలెనని చెప్పుటలో ఇంత అర్థమున్నదని అంతవరకు తోచలేదు. మరుసటి దినమునుండి ఉచిత పనులు మానితిని. ముసలివానికి గర్వము పట్టినదని కొందరనుకొనిరి. అనుకొనవచ్చును.

అయినను మొదటి ప్రశ్న మిగిలియే యున్నది. పని లేని దినమున గూడ ఒక ఇత్తడి కడ్డీని బిగించి, సన్నని పొట్టు చుట్టలు చుట్టలుగా దిగుచుండగా చూచుచు నిలుచుందును. దానివలన ఎవరికిని ప్రయోజనము లేదు. పాలకురికి సోమనాథుడు బసవపురాణమున కుమ్మరి గుండయ్యగారి కథ చెప్పినాడు. కుండలు తట్టు దరువునకు శివుడే వచ్చి నాట్యమాడెనట. పనిలోని ఆనందము దోషమైనచో శివుడు రాకుండును. కాని గుండయ్యగారు దరువు కొరకు కుండలు తట్టలేదు, కుండల కొరకే తట్టినారు. నా ఇత్తడి కడ్డీ కుండ కాదు. దానిని కాయకమనుటకు నాకు నోరు రాదు, మానుటకు మనసును రాదు.

మొన్నటి సోమవారము మూలమీది దుకాణదారుడు పాత పిండిమర ఇరుసొకటి పట్టుకొని వచ్చినాడు. దాని మర అంగుళపు కొలతది, అంగుళమునకు పదకొండు చుట్లు. దానికి కావలసిన పండ్ల చక్రము ఆయన యంత్రమునకు లేదు, నా దానికి కలదు. కూలి చెరిసగమని మాట యైనది. నా భాగము మఠములో అన్నదాసోహమునకు పోవును. రేపు ఉదయము లింగపూజ యైన పిమ్మట మొదలు పెట్టెదను.