ఛాయాచిత్రమును సాక్ష్యమును

కన్నులతో చూచినదే ప్రమాణమనుట లోకపు వాడుక. ఛాయాచిత్రమునకు ఇంత గౌరవము కలిగినది ఆ వాడుకవలననే. ప్రకృతికి కలిగిన హానిని నిరూపింపనెంచువారు నేడు మొట్టమొదట కెమేరానే చేపట్టుచున్నారు. అది తగునా, తగినచో ఎంతవరకు, అను విషయమును మా విశాఖపట్టణపు ఋషికొండను ముందిడుకొని విచారింతము.

భీమునిపట్టణపు బాటలో, సముద్రమున కెదురుగా నున్న ఆ కొండమీద పర్యాటక శాఖవారి పాత విడిది యుండెడిది. దానిని పడగొట్టి క్రొత్త కట్టడములను తలపెట్టి 2021లో కొండను త్రవ్వనారంభించిరి. పచ్చని వాలు పోయి ఎఱ్ఱని మన్ను బయటపడినది. వ్యాజ్యములు పుట్టినవి. పూర్వము కట్టడములున్న చోటను, చదునైన భాగమునను మాత్రమే పని జరుపవచ్చునని 2022 జూనులో సుప్రీముకోర్టు ఆజ్ఞాపించినది. ఈలోగా నాటి కొండయు నేటి కొండయు ప్రక్కప్రక్కన నిలిచిన చిత్రములు ఇంటింటికిని చేరినవి. 2023లో కోతపడిన వాలుపై ఆకుపచ్చని ముసుగు కప్పిరి. అది మన్ను జాఱకుండుటకే కావచ్చును; చూపరుల చూపు మాత్రము దానిపైనుండి జాఱిపోవును. దూరమునుండి తీసిన చిత్రములో వస్త్రపు పచ్చదనమునకును చెట్టు పచ్చదనమునకును భేదము తెలియుట కష్టము.

నైయాయికులు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని ప్రమాణములు నాలుగనిరి. ఛాయాచిత్రమును చూచువారు దానిని ప్రత్యక్షమనుకొందురు. మాకట్లు తోచదు. ఎచట నిలువవలెనో, ఏ జామున తీయవలెనో, అంచున దేనిని విడువవలెనో నిర్ణయించినవాడొకడున్నాడు. కాబట్టి అది ఆతని వాక్యము. వక్త ఆప్తుడైననే వాక్యము ప్రమాణమగును. తేదీయు, చోటును, దిక్కును చెప్పక వదలిన చిత్రము సంతకము లేని దస్తావేజు వంటిది.

మఱియొక చిక్కు కలదు. హాని యనగా ఉన్నది లేకపోవుట. అభావమును తెలియుటకు ప్రతియోగి జ్ఞానము కావలెనని శాస్త్రము. కుండ నెఱుగనివాడు 'ఇచట కుండ లేదు' అనజాలడు. వట్టి ఎఱ్ఱని గుట్టను చూపి ఇది నష్టమని చెప్పుట ఎట్లు? ఆ బాటనే కొంతదూరము పోయినచో ఎఱ్ఱమట్టి దిబ్బలున్నవి. అచటి ఎఱుపు వేలయేండ్ల సహజశోభ. భూవిజ్ఞానులు దానిని కాపాడదగిన వారసత్వ స్థలముగా గుర్తించిరి. ఒక ఎఱుపు గాయము, వేఱొక ఎఱుపు దేహచ్ఛాయ. అయలు తెలియని పరదేశికి ఈ రెంటిని విడదీసి చూపునది పూర్వచిత్రమే.

అమెరికాలో 1871లో జాక్సన్ అను నాతడు ఎల్లోస్టోన్ సీమను చిత్రించెను. మఱుసటి యేడే దానిని జాతీయోద్యానముగా శాసించిరి. ఆ చిత్రములు ఏ హానినిని చూపలేదు. ఉన్నదానిని చూపినవి, అంతియే. ఋషికొండకు పూర్వచిత్రములు దొరకుట మన ముందుచూపువలన గాదు. విహారమునకు వచ్చినవారు తమ్ముతాము తీసికొనగా వెనుక కొండ పడినది! ఉపగ్రహములు తమ పనిగా తాము తీసిపెట్టినవి.

కోతపడిన కొండ వెనుక నీలిసముద్రము నిలిచినప్పుడు ఆ చిత్రమును చూచి 'ఎంత బాగున్నది' అనువారును గలరు. అందులకని రంగు పెంచి మట్టిని నెత్తురుగా చేసినచో అది యసత్యము. మంచి పక్షమునకై యాడిన యసత్యమును ప్రతిపక్షి పట్టుకొన్ననాడు నిజమైన చిత్రములకును విలువ పోవును.

రేవు సంగతి వేఱు. 1933లో తెఱవబడిన ఆ రేవు, తీరమువెంట దక్షిణమునుండి ఉత్తరమునకు సాగు ఇసుకకు అడ్డు. నగరపు తీరము కోతపడుచుండగా, త్రవ్వితీసిన ఇసుకను అచట పోయుచుందురు. ఒక్క దినపు చిత్రములో తీరము మామూలుగనే యుండును. ఒకేచోట నిలిచి ఏటేట తీసినగాని కథ తెలియదు. ఇక పాతపట్టణపు గడపలపై పడు బొగ్గుపొడి కెమేరాకు చిక్కును. ఊపిరిలో చేరినది చిక్కదు. ఉదయము తుడిచిన అరుగును సాయంకాలము వ్రేలితో రాచి చూపెడి ఇల్లాలి మాటను ఆ చిత్రము క్రింద వ్రాసికొనవలసినదే.