వేదిక లోపలి రూపం

బుద్ధుడు విగ్రహాలను వద్దన్నాడు గనుక తొలినాటి శిల్పులు ఆయనను ఖాళీ ఆసనంగా, పాదముద్రలుగా, ధర్మచక్రంగా మాత్రమే చెక్కారనీ, భక్తి ముదిరిన తర్వాతే రూపం వచ్చిందనీ చెప్పే మాట ఎంత పరిచితమో అంత బలహీనం. సా.శ. 2, 3 శతాబ్దుల అమరావతి పలకలలో ఖాళీ ఆసనమూ బుద్ధరూపమూ రెండూ కనిపిస్తాయి. రూపం చేతికందాక కూడా ఖాళీని విడవని భక్తికి నిషేధం ఒక్కటే కారణం కాజాలదు.

తిరుపతి జిల్లా ఏర్పేడు దగ్గరి గుడిమల్లంలో ఈ సందేహం మరింత పదునెక్కుతుంది. అక్కడి పరశురామేశ్వరాలయంలో ఉన్న సుమారు 5 అడుగుల లింగం సా.శ.పూ. 2వ శతాబ్ది ప్రాంతానిదని పలువురు పండితులు, ఆ తర్వాతిదని మరికొందరు అంటారు. నునుపు తేలిన ఆ ముదురు గోధుమరంగు రాతిలో శివుడు మరుగుజ్జు యక్షుని భుజాలపై నిలబడి, కుడిచేత పొట్టేలును వెనక కాళ్లు పట్టి తలకిందులుగా వేలాడదీసి, ఎడమచేత చిన్న పాత్ర పట్టి, భుజాన గండ్రగొడ్డలి మోస్తుంటాడు. యజ్ఞోపవీతం లేదు, నడుముకు చుట్టిన వస్త్రం ఎంత పలుచనంటే దాని చాటున ఉన్న ఒంటి తీరు స్పష్టంగా తెలుస్తుంది. దేవుని ఇంత నిర్భయంగా చెక్కగల చేతులు ఈ నేలమీద ఉండగా, బుద్ధుని చెక్కకపోవడాన్ని చేతకానితనమనడం అన్యాయం.

1973లో పురావస్తు శాఖ పక్షాన ఇంగువ కార్తికేయ శర్మ జరిపిన తవ్వకాల వల్ల, ఈ లింగం మొదట ఆరుబయట రాతి వేదిక నడుమ ఉండేదని తేలింది. వేదిక అంటే నిలువు స్తంభాలను 'సూచులు' అనే అడ్డుపట్టెలతో కలిపి కట్టిన కంచె; స్తూపాలకూ బోధివృక్షాలకూ చుట్టూ ఉండేది ఇదే. లోపలి దైవం మారినా కంచె మారలేదంటే, పవిత్రతను నిలబెట్టేది రూపం కాదు, ప్రదక్షిణకు గిరిగీసిన ఆ హద్దేనని చెప్పాలనిపిస్తుంది. కానీ హద్దే చాలినప్పుడు ఆ పలుచని వస్త్రం మీద శిల్పి అంత శ్రమ ఎందుకు పడ్డట్టు?

అమరావతి శిల్పి తన శ్రమనంతా ఖాళీ ఆసనం ముందు వంగిన భక్తుల వెన్నుల మీద, జోడించిన చేతుల మీద పెట్టాడు. గుడిమల్లం శిల్పి దానిని దేవునికిచ్చి, భక్తుని చోటు వచ్చేవారికే వదిలాడు. చెక్కని చోటు ఏదో ఒకటి ఉండితీరాలన్న ఈ ఊహ ఆకర్షణీయమే. అయితే బుద్ధరూపం వచ్చిన పలకలలోనూ భక్తులు తగ్గలేదు గనుక, అది గుడిమల్లానికి ఒదిగినంతగా అమరావతికి ఒదగదు.