పోయిన జుట్టు, ఇచ్చిన జుట్టు

మన నేల మీద జుట్టు తలను వదిలిపోవడానికి ఎప్పటినుంచో రెండు దారులున్నాయి. ఒకటి ఇవ్వడం. తిరుమల కల్యాణకట్టలో కూర్చుని తల వంచిన మనిషి తన జుట్టు తానే ఇస్తాడు. మొక్కుకున్నాడు, కోరిక తీరింది, ఇచ్చేశాడు. రెండోది లాక్కోవడం. మా తాతమ్మల కాలంలో భర్త పోయిన బ్రాహ్మణ స్త్రీకి తల గొరిగించేవాళ్ళు. జుట్టు తీసేస్తే లోకం కంటికి ఆడదాన్ని ఆడది కాకుండా చేయవచ్చని ఆ ఆచారం పెట్టినవాళ్ళకు బాగా తెలుసు. మా ట్రాన్స్ స్త్రీలకూ తెలుసు. మా సమూహాలైన జమాత్‌లలో తప్పు చేసిన చేలాకు, అంటే శిష్యురాలికి, గురువు వేసే కఠినమైన శిక్షల్లో జుట్టు కత్తిరించడం ఒకటి. మమ్మల్ని అవమానించాలనుకునే రౌడీలు, కొన్నిసార్లు ఖాకీ బట్టల్లో ఉన్నవాళ్ళు, మొదట చెయ్యి వేసేది జడ మీదే.

నాది ఈ రెండూ కాదు. నేను ఎవరికీ ఇవ్వలేదు, ఎవరూ లాక్కోలేదు. ఇరవైల్లో, నేనెవరో నాకే నోరు విప్పి చెప్పుకోకముందే, కణతల దగ్గర మొదలై నడినెత్తికి పాకుతూ దానంతటదే పోయింది. ఇచ్చినవాళ్ళకు దేవుడున్నాడు. లాగేసుకుంటే పోగొట్టుకున్నవాళ్ళకు తిట్టుకోవడానికి ఒక మనిషైనా ఉన్నాడు. నాకు ఎవరూ లేరు. ఎవరూ చేయని నష్టాన్ని ఎలా మోయాలన్నది నన్ను ఏళ్ళ తరబడి తినేసిన ప్రశ్న.

ఇంట్లో అదసలు ఒక విషయమే కాదు. తాతయ్యకు బట్టతల, నాన్నకు బట్టతల, బాబాయిలకూ అంతే. “మన వంశం గుర్తురా అది, బట్టతల వస్తే డబ్బొస్తుంది” అని నెత్తి నిమిరేవాళ్ళు. ప్రేమగానే అనేవాళ్ళు, నేనూ నవ్వేదాన్ని. బయటికి కనిపించే అబ్బాయికి వయసు వస్తోంది. లోపల ఉన్న అమ్మాయికి రావలసిన వయసు రాకుండానే పోతోంది. ఆ రెండో సంగతి చూడగలిగిన మనిషి ఆ ఇంట్లో నేనొక్కదాన్నే. ఓదార్పు అడగాలంటే ముందు నా గుట్టు చెప్పాలి. అందుకే ఆ ఏడుపు ఏళ్ళపాటు నాలోనే ఉండిపోయింది.

కారణం తెలిశాక కోపం కొంత తగ్గింది, కొంత పెరిగింది. ఒంట్లో ఉండే టెస్టోస్టిరాన్‌ను ఒక ఎంజైమ్ డైహైడ్రోటెస్టోస్టిరాన్‌గా మారుస్తుంది. దాన్నే డాక్టర్లు డీహెచ్‌టీ అంటారు. వంశపారంపర్యంగా ఆ గుణం వచ్చిన తలలో నుదుటి వైపు, నడినెత్తిన ఉన్న కుదుళ్ళు డీహెచ్‌టీని తట్టుకోలేవు. వెంట్రుక మొలిచి, పెరిగి, రాలి, మళ్ళీ మొలిచే ప్రతి చక్రంలోనూ పెరిగే కాలం తగ్గిపోతుంది. వెంట్రుక సన్నబడి సన్నబడి నూగుగా మిగులుతుంది. ఇదే డీహెచ్‌టీ చెంపల మీద గడ్డాన్ని మాత్రం దట్టంగా, గరుకుగా పెంచుతుంది. వద్దన్నచోట పెంచేదీ అదే, కావాలన్నచోట ఎండగట్టేదీ అదే. చుబుకం మీది వెంట్రుకల్ని చిమ్టాతో ఒక్కొక్కటిగా పీక్కుని, ఆ వెంటనే దువ్వెనకు చుట్టుకున్న తలవెంట్రుకల్ని విప్పి చూసుకునే పొద్దులు మాలో చాలామందికి తెలుసు. అన్యాయం అనే మాటకు నాకు తెలిసిన అర్థాల్లో అదొకటి.

1942లో జేమ్స్ హామిల్టన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక పరిశీలన ప్రచురించాడు. యుక్తవయసుకు ముందే వృషణాల పని ఆగిపోయిన మగవాళ్ళకు బట్టతల రాదు. వాళ్ళకు టెస్టోస్టిరాన్ ఇచ్చి చూస్తే, వంశంలో బట్టతల ఉన్నవాళ్ళకు జుట్టు పలచబడింది. ఇవ్వడం ఆపితే రాలడం ఆగింది కానీ పోయింది మాత్రం తిరిగి రాలేదు. చదువుతుంటే నేను పుట్టక చాలా ముందే ఎవరో నా సంగతి రాసిపెట్టినట్టనిపించింది. హార్మోన్ చికిత్స మొదలుపెట్టిన ట్రాన్స్ స్త్రీకి డాక్టరు ఈనాడు చెప్పేది కూడా దాదాపు అదే. టెస్టోస్టిరాన్ తగ్గితే ఉన్న జుట్టు నిలబడుతుంది. పూర్తిగా చావని కుదుళ్ళు కొన్ని మళ్ళీ బలపడవచ్చు. ఏళ్ళ క్రితమే నున్నబడిన చోట ఏమీ మొలవదు.

మందులు లేకపోలేదు. డొమినికన్ రిపబ్లిక్‌లో టెస్టోస్టిరాన్‌ను డీహెచ్‌టీగా మార్చే ఆ ఎంజైమ్ పుట్టుకతోనే లోపించిన కొన్ని కుటుంబాల గురించి 1974లో లోకానికి తెలిసింది. వాళ్ళలో బట్టతల కనిపించకపోవడం బట్టతల మందు ఫినాస్టెరైడ్ తయారీకి దారి చూపింది. మినాక్సిడిల్ మొదట రక్తపోటుకు మింగే మాత్ర. మింగినవాళ్ళకు ఒళ్ళంతా వెంట్రుకలు పెరగడం చూసి దాన్ని తలకు రాసే మందుగా మార్చారు. అది మొదలుపెట్టిన తొలి వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలవచ్చు, పాతవి పడిపోయి కొత్తవి రావడానికి. ఈ ఒక్క ముక్క ముందుగా ఎవరూ చెప్పక ఎంతమంది భయపడి సీసా అవతల పారేశారో. మానేస్తే మళ్ళీ మొదటికొస్తుందన్నదీ ముందే చెప్పాలి. మెడికల్ షాపులో స్నేహితురాలి పాత చీటీ చూపించి టెస్టోస్టిరాన్‌ను అడ్డుకునే సైప్రోటెరోన్, స్పైరోనోలాక్టోన్ కొనుక్కుని, రక్తపరీక్ష అన్నది లేకుండా మింగేవాళ్ళు మాలో ఉన్నారు. వాళ్ళని తప్పుపట్టే ముందు, భయం లేకుండా వెళ్ళి కూర్చోగల ఆసుపత్రి ఊళ్ళో ఎక్కడుందో చూపించాలి. 2021లో హైదరాబాద్‌లో ట్రాన్స్ వ్యక్తులే నడిపే మిత్ర్ క్లినిక్ మొదలైంది. 2025లో అమెరికా నిధులు ఆగి దానికి తాళం పడినప్పుడు ఎందరో ఎందుకంత దిగులుపడ్డారో, అలాంటి గదిలో ఒక్కసారి కూర్చున్నవాళ్ళకు అర్థమవుతుంది.

“జుట్టే కదా” అంటారు. నా మేలు కోరేవాళ్ళే అంటారు. ఆడతనం జుట్టులో లేదు, మనసులో ఉంది అంటారు. నిజమే. తిరుమల వీధుల్లో గుండుకు చందనం పూసుకుని నడుస్తున్న ఆడవాళ్ళను చూడండి. పూలమ్మే మనిషి వాళ్ళని “అమ్మా” అనే పిలుస్తాడు. క్యాన్సర్ మందులకు జుట్టంతా పోయిన అక్కను ఎవరూ అన్నయ్య అనరు. వాళ్ళ ఆడతనం జుట్టు మీద ఆధారపడి లేదు, ఎందుకంటే దాన్ని ఎవరూ ఎన్నడూ ప్రశ్నించలేదు. నా సంగతి వేరు. నా విగ్గు ఒక అంగుళం పక్కకు జరిగితే ఆటో డ్రైవరు నన్ను పిలిచే తీరు మారిపోతుంది. ఆ అంగుళం మీద నా మర్యాద, ఒక్కోసారి నా ప్రాణం ఆధారపడి ఉంటాయి. ఒకే మాట ఇద్దరి విషయంలోనూ నిజం కావచ్చు, కానీ దాన్ని నమ్మి బతకడానికి ఒకరికి ఏమీ ఖర్చు కాదు, ఇంకొకరికి చాలా అవుతుంది. ఆ తేడా ఒప్పుకోకుండా చెప్పే ధైర్యవచనం నాకు ధైర్యాన్ని ఇవ్వలేదు.

అసలు దుఃఖం ఇంకోచోట ఉందని నాకు నెమ్మదిగా తెలిసింది. ఒకప్పుడు వేసవి వచ్చిందంటే ఆడపిల్లలకు మల్లెమొగ్గలతో పూలజడ కుట్టి స్టూడియోకు తీసుకెళ్ళేవాళ్ళు. జడ కనిపించేలా వెనక అద్దం పెట్టి ఫొటో తీసేవాళ్ళు. మా పెద్దమ్మ కూతురిది అలాంటి ఫొటో వాళ్ళ హాల్లో ఇప్పటికీ ఉంది. ఆ రోజు పూలు కుడుతున్న పెద్దమ్మకు దారం అందించింది నేనే. నేను ఏడ్చేది ఇవాళ నా నెత్తిన లేని వెంట్రుకల కోసం మాత్రమే అయితే ఏ మందో, ఏ ఆపరేషనో దానికి సమాధానం చెప్పేది. నేను ఏడ్చేది తీయని ఫొటో కోసం. ఉన్నది పోతే దాన్ని నష్టం అంటాం. రావలసింది రాకుండా పోతే దాన్ని లెక్కలో రాసుకోవడానికి కూడా ఏమీ ఉండదు. అయినా అది బరువుంటుంది. ఎప్పుడూ లేనిదాని కోసం ఏడవకూడదని ఎవరైనా అంటే, పిల్లలు కలగని స్త్రీని అడగమంటాను.

ముందే మొదలుపెట్టి ఉంటే జుట్టు దక్కేదని డాక్టర్లు మామూలుగా చెప్పేస్తారు. వైద్యపరంగా సరైన మాటే. కానీ మేం ఎవరమో మేమే చెప్పుకోవచ్చని ఈ దేశపు సుప్రీంకోర్టు నల్సా తీర్పులో అన్నది 2014 ఏప్రిల్ 15న. అప్పటికి నా నడినెత్తి ఖాళీ అయిపోయింది. ఆ ఆలస్యాన్ని నా ఖాతాలో రాసుకోవడానికి నేను ఒప్పుకోను.

ఇక విగ్గు. చాలాకాలం దాని దగ్గరికి వెళ్ళలేదు. అది పెట్టుకుంటే ఆడతనం అబద్ధమైపోతుందని ఒక భయం. ఆ భయాన్ని పోగొట్టింది మా అమ్మమ్మ సవరం. ఆవిడ దూలానికి కొట్టిన మేకుకు దాన్ని తగిలించేది. పండగనాడు నూనె రాసి, దువ్వి, తన జడలో కలిపి అల్లుకునేది. పెళ్ళిళ్ళలో పెళ్ళికూతురు జడ మోకాళ్ళ దాకా ఉందంటే అందులో సగం సవరమే, కుప్పెలు, జడగంటలు వేలాడేది దానికే. ఆ పెళ్ళికూతురు అబద్ధమని ఎవరన్నారు? తెలుగు ఆడవాళ్ళ జడ ఎన్నడూ పూర్తిగా ఒక్కరి జుట్టు కాదు. అమ్మ, అమ్మమ్మ, పొరుగింటి పిన్ని చేతులు మారుతూ వచ్చినదే అందులో చాలా ఉంది. ఆడవేషాలు కట్టిన స్థానం నరసింహారావు గారు, వేదాంతం సత్యనారాయణ శర్మ గారు సత్యభామగా నిలబడితే జనం కళ్ళార్పకుండా చూశారు. కూచిపూడి భామాకలాపంలో తెర మీదుగా విసిరే జడ ఆ పాత్రధారి సవాలు. వాళ్ళు నాలాంటివాళ్ళని నేను అనడం లేదు, వాళ్ళ కళ వాళ్ళది. పెట్టుడు జడను గౌరవించడం ఈ నేలకు తెలుసని మాత్రమే అంటున్నాను.

మనిషి జుట్టుతో చేసిన విగ్గు కొన్నాక ఇంకో ప్రశ్న వచ్చింది. ఇది ఎవరిది? తిరుమలలో ఇచ్చిన జుట్టును దేవస్థానం పొడవు ప్రకారం రకాలుగా విడదీసి వేలం వేస్తుంది. అక్కడినుంచి అది ప్రపంచమంతా తిరుగుతుంది. 2004లో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో సనాతన యూదు స్త్రీలు తమ విగ్గుల్ని వీధిలో పోగేసి తగలబెట్టారు. ఆ జుట్టు మరో మతపు దేవుడికి అర్పించినది కావచ్చని వాళ్ళ గురువులు వాటిని నిషేధించారు. ఖరీదైన వస్తువును మంటల్లో వేసేంతగా ఆ ప్రశ్నను పట్టించుకున్నారంటే నాకు గౌరవమే. జుట్టు వెంట ఇచ్చినవాళ్ళ సంకల్పం కూడా వస్తుందని వాళ్ళు నమ్మారు. నేనూ నమ్ముతాను. కాకపోతే ఆ నమ్మకం నన్ను ఇంకోవైపు తీసుకెళ్ళింది. నా విగ్గులో ఉన్నది తిరుమల జుట్టో కాదో నేను నిరూపించలేను. కానీ ఎవరో ఒక ఆడమనిషి ఏళ్ళపాటు నూనె రాసి, దువ్వి పెంచుకున్న జుట్టు అది. బిడ్డ జ్వరం తగ్గాలనో, మొగుడు తాగుడు మానాలనో ఇచ్చేసి ఉండొచ్చు. ఏది లేకుండా బతకలేనని నేను ఏడ్చానో దాన్ని ఆవిడ ఇచ్చి వచ్చేసింది. దాన్ని నేను రోజూ తలమీద పెట్టుకుంటున్నాను. అద్దం ముందు నాకు సిగ్గు ఉండేచోట ఇప్పుడు ఆవిడకు అప్పుపడ్డానన్న భావం ఉంది. అప్పున్న మనిషి తల దించుకోనక్కర్లేదు, మర్చిపోకుండా ఉంటే చాలు.

తిరుమల కథలోనే ఇంకొకటి ఉంది. పశువుల కాపరి గొడ్డలి దెబ్బకు శ్రీనివాసుడి తలమీద కొంతమేర జుట్టు పోయిందట. గంధర్వ రాకుమారి నీలాదేవి అది చూడలేక తన కురుల్లో కొంత కోసి ఆ చోట అతికించిందట. భక్తులిచ్చే జుట్టంతా ఆమెకే చెందుతుందని స్వామి వరమిచ్చాడంటారు. చిన్నప్పుడు ఎన్నిసార్లో విన్న ఆ కథలో తలమీద ఖాళీ ఉన్నది దేవుడికని, దాన్ని పూడ్చింది ఒక స్త్రీ జుట్టని నేను పెద్దయ్యాక గానీ పట్టించుకోలేదు. ఆ జుట్టు దేవుడిది కాదని ఇంతవరకూ ఎవరూ అనలేదు.

ఆపరేషన్ సంగతి ఇంకా తేల్చుకోలేదు. తల వెనక భాగంలోని కుదుళ్ళకు డీహెచ్‌టీ బెడద తక్కువ. ముందుకు తెచ్చి నాటినా అవి తమ గుణం మార్చుకోవని 1959లో నార్మన్ ఓరెన్‌ట్రైక్ చూపించాడు. మూలలు లేని గుండ్రటి ఆడ నుదురు కావాలంటే ఆ దారి ఉంది, నా జీతానికి అందడమే కష్టం. 2019 ట్రాన్స్‌జెండర్ హక్కుల చట్టం 15వ సెక్షన్‌లో శస్త్రచికిత్స, హార్మోన్లతో పాటు లేజర్ థెరపీ ఖర్చునూ బీమా భరించాలని రాశారు. గడ్డం తీసేయడం మా అవసరమని చట్టం గుర్తించింది. తలమీద జుట్టు కూడా అవసరమేనని, విగ్గు సోకు కోసం కాదని అదే సెక్షన్‌లో ఒక్క మాట రాసి ఉండాల్సింది. ఇప్పటికైనా రాయాలి.

హార్మోన్ల తర్వాత వెనక జుట్టు నిలబడింది. కత్తిరించకుండా వదిలేస్తే భుజాలు దాటింది. మొన్న అమ్మ ఫోన్లో, “ఏమే, ఈసారి కొండకి పోదాం. నీకోసం మొక్కుకున్నా” అంది.

“నేనేమివ్వగలనమ్మా, ఉన్నదే ఇంత.”

“నిన్ను గుండు ఎవరు చేయించుకోమన్నారే? మన ఆడవాళ్ళం మూడు కత్తెరలిస్తే చాలు. వెనక ఉందిగా.”

ఎప్పుడు మొక్కుకున్నావంటే చెప్పలేదు. ఏం కోరుకున్నావంటే, తీరింది కదా ఇంకెందుకంది. నేనిచ్చే ఆ కాస్త వేలంలో ఏ చివరి రకంలోకో పోతుంది, పొడవు చాలదు. ఇస్తాను. దర్శనం టికెట్లు జూలైలో దొరికాయి. ముగ్గురం వెళ్తున్నాం, గుండు నాన్న చేయించుకుంటానన్నాడు.